తెలియకుండా చేసిన అన్యాయానికి జవాబుదారులం కామా?

తిరుపతిలో ఒక జుమా నమాజ్ తర్వాత ఒక యువకుడు మా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. చిత్తూరులో ఇంజనీరింగ్ చదివి, బెంగుళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తున్నాడు. "హజ్రత్! నేను రాసిన కోడ్‌ను మా టీం లీడ్ రెండు మూడు సార్లు వెనక్కి పంపుతాడు. పక్కవాడిది అదే రోజు ఆమోదిస్తాడు. ఆయన చెడ్డవాడు కాదు. నా పేరు చూసి అలా చేస్తున్నానని ఆయనకే తెలియదేమో. తెలియక చేసేదానికి పాపం ఉంటుందా?" అని అడిగాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఆ యువకుడు దూదేకుల కుటుంబం వాడు. పేరు చివర 'అయ్య' ఉంది. రాయలసీమలో ఈ సోదరులలో చాలామంది ఇంట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడతారు. అతను పేరు చెప్పగానే, అంతవరకు ఉర్దూలో మాట్లాడుతున్న మేము తెలుగులోకి మారిపోయాము. పైగా "ఖుర్ఆన్ చదవడం వచ్చా?" అని అడిగాము. పక్కనే ఉన్న మరో కుర్రవాడిని ఆ మాట అడగలేదు.

మనసులో మెదిలే తలంపులను, వాటిని పలకనంతవరకు, ఆచరణలో పెట్టనంతవరకు అల్లాహ్ మన్నిస్తాడని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. దీన్ని పట్టుకుని కొందరు "మాకు ద్వేషం లేదు, కాబట్టి మా మీద బాధ్యత లేదు" అంటారు. కానీ వెనక్కి పంపిన కోడ్ తలంపు కాదు, అది పని. ఏడాది చివర వేసే రేటింగూ పనే. దానివల్ల ఒకరి జీతం తగ్గుతుంది.

హజ్రత్ అబూజర్ గిఫారీ (రజి) తొలినాళ్లలో ఇస్లాం స్వీకరించిన మహనీయులు. ఆయన ఒక వ్యక్తిని, అతని తల్లి అరబ్బు కాదన్న విషయం ఎత్తి దూషించారు. నీలో ఇంకా జాహిలియ్యత్ ఉందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఈ వయసులో కూడానా అని అబూజర్ ఆశ్చర్యపోయారు. అంటే తనలో అది ఉందని ఆయనకు తెలియదు! తెలియకపోవడం ఆయనకు సాకు కాలేదు. తర్వాతి కాలంలో ఆయన తాను కట్టుకున్నలాంటి వస్త్రమే తన సేవకుడికీ కట్టించారు. తన మనసును నమ్ముకోలేదు, ఒక పద్ధతిని పెట్టుకున్నారు.

సాఫ్ట్‌వేర్ పనిలో ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు చదివి ఒప్పుకున్నాకే ప్రధాన కోడ్‌లో కలుపుతారు. రాసినవారి పేరు పక్కనే కనిపిస్తుంది. గిట్‌హబ్‌లో ఇలా పంపిన కోడ్‌పై 2017లో ఒక అధ్యయనం వెలువడింది. మొత్తం మీద స్త్రీల కోడ్‌కు పురుషుల కోడ్‌కన్నా కొంచెం ఎక్కువ శాతం ఆమోదం దొరికింది. కానీ ఆ ప్రాజెక్టుకు కొత్తవారైన స్త్రీలు, స్త్రీలని గుర్తుపట్టేలా ఉంటే మాత్రం పురుషులకన్నా వెనుకబడ్డారు.

అలాగని ప్రతి తిరస్కారమూ పక్షపాతం కాదు. 2007లో థోరట్, అట్టెవెల్ ప్రచురించిన పరిశోధనలో దళిత, ముస్లిం పేర్లున్న దరఖాస్తులకు ప్రైవేటు సంస్థల నుండి పిలుపులు తక్కువ వచ్చాయి. 2009లో అభిజిత్ బెనర్జీ తదితరులు ఢిల్లీ ప్రాంతంపై ప్రచురించిన పరిశోధనలో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పిలుపుల్లో కులాన్ని బట్టి వివక్ష కనబడలేదు. ముస్లిం పేర్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దురనుమానం కూడదని సూరా హుజురాత్ హెచ్చరిస్తోంది. ఆ హెచ్చరిక లీడ్‌కూ వర్తిస్తుంది, మనకూ వర్తిస్తుంది.

అందుకే ఆ యువకుడితో, లీడ్‌ను నిందించవద్దని, ప్రతిసారీ ఏ కారణంతో వెనక్కి పంపారో రాసి పెట్టుకోమని, వీలైతే కోడ్‌ను చూసే నియమాలు ముందే అందరికీ ఒకేలా రాసి పెడదామని అడగమని చెప్పాము. పేరు కనబడకుండా చూసే ఏర్పాటు ఉంటే మరీ మంచిది.

మరుసటి జుమా రోజు అతన్ని క్షమాపణ కోరాము. అతను నవ్వి, "ఆ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు హజ్రత్!" అన్నాడు.