బండి ఎక్కినవారు, బండి లాగునది

బళ్ళారి సీమలో వేసవి తేలికగా వదలిపోవునది కాదు. రోహిణి ఎండకు రోళ్లు పగులునని సామెత. ఆ కార్తె కడపటి దినములలో రెండు జల్లులు పడి, నల్లరేగడి నేల కమ్మని వాసన వేయగానే ఇంటిల్లపాదికీ బయటికి పోవలెనను కోరిక కలుగును. బడులు తెరవక ముందే పిల్లలకు హంపి చూపవలెను. హొసపేట దగ్గఱ తుంగభద్ర కట్టమీద సాయంకాలపు గాలి పీల్చవలెను. 1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్ర రాష్ట్రములోను, బళ్ళారి మైసూరులోను చేరినవి. 2021లో హంపి కూడ బళ్ళారిని విడిచి కొత్తదైన విజయనగర జిల్లాలో కలిసినది. కాని ఈ వేసవి కోరికకు ఏ సరిహద్దూ అడ్డు రాలేదు.

ఒకప్పుడు ఇట్టి విహారమునకు జట్కాయే వాహనము. నేడు ఆ పని చాలవరకు ఆటోలు, కార్లు చేయుచున్నవి. అయినను పిల్లలు గుఱ్ఱపుబండి ఎక్కెదమని మారాము చేయుదురు. వారి ముచ్చట తీర్చుట పెద్దలకు సంతోషము. ఇందులో తప్పేమి యని అడుగవచ్చును. కుటుంబముతో కలిసి నవ్వుట, చెట్టునీడను కూర్చుండి తెచ్చుకొన్న ఫలహారము పంచుకొని తినుట గృహస్థునకు దోషము కాదు. అయితే ఆ సంతోషములో బండి లాగు ప్రాణికి మిగులునదేమి అనునదే విచారింపవలసిన ప్రశ్న.

హంపికి పోయినవారికి గుఱ్ఱములు ఱాతిలోనే ఎదురగును. మహానవమి దిబ్బ మీదను, హజారరామాలయపు ప్రాకారము మీదను వరుసలుగా గుఱ్ఱములు నడచుచుండును. అవి హొర్ముజు, ఏడెను మొదలగు రేవులనుండి ఓడలలో వచ్చిన జాతి అశ్వములకు ప్రతిరూపములు. గుఱ్ఱములు దక్కుటకై సాళువ నరసింహరాయలు సముద్రముమీద చచ్చినవానికి కూడ, తోక తెచ్చి చూపినచో, బ్రదికినవానితో సమానముగ వెల ఇచ్చెడివాడని 16వ శతాబ్దిలో విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజు వ్రాసినాడు. ఆనాడు గుఱ్ఱమునకు వెల లేకపోలేదు. చచ్చినదానికి సయితము వెల కట్టిరి. కాని వెల కట్టుట వేఱు, బాధ నెఱుగుట వేఱు. బండి కిరాయి చెల్లించినంతనే తన బాధ్యత తీరినదని తలచువాడు ఆ రాయల లెక్కనే వేయుచున్నాడు.

మూడవ తీర్థంకరుడైన సంభవనాథుని లాంఛనము గుఱ్ఱము. హంపిలో 14వ శతాబ్ది చివర ఇరుగప్ప దండనాథుడు కట్టించిన కుంథునాథ జినాలయమునకు బండిలో పోయి, దిగి నమస్కరించు గృహస్థునకు అహింసాణువ్రతము తెలియనిది కాదు. దానికి కలుగు అతిచారములు అయిదు: బంధము, వధ, ఛవిచ్ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. ఇవి జట్కాబండి దగ్గఱ నిలబడి చెప్పినట్లున్నవి. బిగించి కట్టుట, కొరడాతో కొట్టుట, కళ్లెముతో నోరు కోయుట, మోయలేని బరువు వేయుట, వేళకు మేతయు నీరును పెట్టకుండుట. గుఱ్ఱము రోజుకు 25 నుండి 50 లీటర్ల నీరు త్రాగును. ఎండలో పరుగెత్తినచో ఇంకను ఎక్కువ కావలెను. నలుగురెక్కవలసిన బండిలో బంధువులతో కలిసి ఏడుగురెక్కి, “త్వరగా పోనీ, ఎండ ముదురుచున్నది” అని తొందరపెట్టినచో ఈ అయిదింటిలో ఎన్ని కలిసివచ్చునో ఊహింపవచ్చును.

“కొరడా బండివాని చేతిలోనిది గదా” అందురు. తాను చేసినదే కాక, పరులచేత చేయించినదియు, చేయుచుండగా ఒప్పుకొన్నదియు తనదే యని జైన ధర్మము చెప్పును. నేమినాథుని కథలోని సారము కూడ ఇదియే. పెండ్లి ఊరేగింపులో కట్టివేసిన జంతువుల అఱపులు అందఱి చెవులను పడినవి. అవి ఎవరి విందు కొఱకని అడిగినవాడు ఆయన ఒక్కడే. తన విందు కొఱకే యని తెలియగానే రథము మరలించినాడు.

అట్లని జట్కాలనే మానివేయుట ధర్మమా? అదియు అంత సులభము కాదు. కిరాయి దొరకని నాడు ముందు తగ్గునది గుఱ్ఱము ముందటి ఉలవల గుగ్గిళ్లే. కూలికి పనికిరాని గుఱ్ఱము వీధిపాలగును. బండివానికిని పిల్లలు కలరు. వాని తొందరకు దయ లేకపోవుటకంటె దారిద్ర్యము కారణము కావచ్చును. బేరమాడి కిరాయి తగ్గించినవాడు ఆ గుఱ్ఱపు మేతను కూడ తగ్గించినట్లే. కనుక గృహస్థునకు తగిన మార్గము ఎక్కకుండుట యొక్కటే కాదు, ఎఱిగి ఎక్కుట కూడ.

రుక్మిణీదేవి అరండేల్ 1953లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు ప్రేరణగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. దాని క్రింద 1965లో చేసిన నిబంధనలు తోలువానినే కాక తోలించువానిని కూడ పట్టుకొనును. ఆఱేండ్ల లోపు పిల్లలను, బండివానిని మినహాయించి నలుగురికి మించి ఎక్కరాదు. రోజు మొత్తము 9 గంటలకును, ఎడతెగకుండ 5 గంటలకును మించి పని చేయింపరాదు. వేడి 37 డిగ్రీలు దాటినచోట మధ్యాహ్నము 12 నుండి 3 వఱకు బండి కట్టరాదు. బళ్ళారి వేసవిలో ఈ చివరి నియమము వర్తింపని దినములు అరుదు.

చట్టము చూచువారు లేనిచోట దయయే చూడవలెను. ఉదయము చల్లనివేళ బయలుదేరి, మధ్యాహ్నము ఏ చింతచెట్టు క్రిందనో బండి విప్పించి, సాయంకాలము తిరిగి రావచ్చును. ఎత్తు వచ్చినచోట పెద్దలు దిగి నడువవచ్చును. తాము భోజనమునకు కూర్చుండుటకు ముందు పిల్లలచేత గుఱ్ఱమునకు నీళ్లు పెట్టింపవచ్చును. అడిగిన కిరాయిమీద దాని మేతకని మఱి నాలుగు రూపాయలు చేర్చవచ్చును. ఈ మాత్రము చేసిన తండ్రి పిల్లలకు వేఱుగా అహింసను గూర్చి ఉపన్యసింపనక్కఱలేదు. ఆ సెలవులలో వారు చూచిన శిల్పములు మఱచిపోవచ్చును గాని, తొట్టిలో మూతి పెట్టి గుఱ్ఱము నీరు త్రాగుచున్నంతసేపు ఇంటివారందఱు ఆకలితో కాచుకొనియుండుట మఱచిపోరు.