గర్భమును గూర్చిన కాగితము

చదువవలసిన భాగములు: కీర్తన 139, యోహాను 9:1-3.

మన సంఘములోని ఒక సహోదరి ఐదవ మాసమున పట్టణమునకు పోయి స్కానింగు చేయించుకొని వచ్చెను. మాయ క్రిందికి ఉన్నదని కాగితములో వ్రాసియుండెను. సాయంకాలమునకే ఆ మాట పేటయంతయు తిరిగెను. బిడ్డ దక్కదని కొందరము, కడవలు మోసినందున ఇట్లయినదని కొందరము, ప్రార్థన చాలలేదని మరికొందరము పలికితిమి. ఆమె రెండు దినములు అన్నము ముట్టలేదు. కాగితములో లేని మాటలను ఆమె చెవిని వేసినది మనమే.

రాబోవు సంగతి కొంచెము ముందుగా తెలిసినప్పుడు, ఆ తెలివిని మనమేమి చేయవలెను?

మొదట ఆ కాగితమేమిటో తెలిసికొందము. స్కాట్లండులోని గ్లాస్గో నగరమున ఇయాన్ డోనాల్డ్ అను వైద్యుడును ఆయన తోడివారును 1958లో ఈ పద్ధతిని వైద్యలోకమునకు తెలిపిరి. మన చెవికి వినబడని ధ్వని గర్భములోనికి పోయి, తగిలి, మరలివచ్చును. ఆ ప్రతిధ్వనియే బొమ్మయగును. కావున అది కొలతయే గాని తీర్పు కాదు.

కాగితములోని వారములు కడపటి బహిష్టు మొదటి దినమునుండి లెక్కింపబడును. బిడ్డ తూకము అంచనా మాత్రమే; నూటికి పది, పదునైదు పాళ్లు హెచ్చుతగ్గులు సామాన్యము. ఐదవ మాసమున మాయ క్రిందికి ఉన్నను, గర్భసంచి పెరుగుకొలది చాలమందిలో అది పైకి జరుగును. అందుకే 32 వారముల వేళ మరల చూచెదరు. అప్పటికిని గర్భద్వారమును కప్పియుండి, తరువాతను జరుగనియెడల ఆపరేషను అవసరమగును. ఈలోగా రక్తము కనబడినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. ఏదైన లోపమునకు 200లో 1 అవకాశమని వ్రాసినయెడల, అట్టి 200 మంది తల్లులలో 199 మంది బిడ్డలకు ఆ లోపము ఉండదని అర్థము. అంతయు బాగున్నదని వ్రాసినను, స్కానింగునకు కనబడని లోపములు కొన్ని కలవు.

ఇట్లు ముందుగా చూచుట అవిశ్వాసమా? మబ్బును చూచి కల్లములోని ధాన్యమును కప్పు రైతును అవిశ్వాసి యని మనమనము. కాపాడుటకై తెలిసికొనుట మంచిదే.

అయితే అదే తెలివితో కీడును చేయవచ్చును. ఆడపిల్లయో మగపిల్లవాడో తెలుపుటను 1994 నాటి చట్టము నిషేధించెను. చట్టమునకు భయపడి అడుగకుండుట చాలదు. గర్భమందలి పిండమును దేవుడు చూచెనని 139వ కీర్తనలో చదువుకొను మనము, ఆయన చూచినదానిని వద్దని త్రోసివేయుట ఎట్లు?

ఒక్కొక్కప్పుడు కాగితము నిజముగానే దుఃఖవార్తను తెచ్చును. అప్పుడు మన నోట మొదట వచ్చునది, ఎవరి తప్పు అను ప్రశ్న. పుట్టుగ్రుడ్డిని చూచి శిష్యులును అట్లే అడిగిరి. ప్రభువు ఆ తప్పును వానిమీదను వేయలేదు, వాని కన్నవారిమీదను వేయలేదు. మనము మాత్రము ఆ సహోదరిమీద వేసితిమి. ఏమియు కాదులే అని తేలికగా చెప్పుటయు ప్రేమ కాదు. అదియు మనకు తెలియని మాటయే.

ఎనిమిదవ మాసమున ఆమెకు మాయ పైకి జరిగెను. తల్లియు బిడ్డయు క్షేమముగా ఉన్నారు. అందరమును సంతోషించితిమి. కాని అది జరుగకపోయినయెడల మన మాటలు న్యాయమైయుండెడివా? ఉండెడివి కావు. ఈ సంగతిని మనము మరువరాదు.

ఇకమీదట ఎవరైన ఇట్టి కాగితముతో ఇల్లు చేరినప్పుడు, అర్థము చెప్పు పనిని డాక్టరమ్మకు విడిచిపెట్టుదము. మరల పట్టణమునకు పోవునాడు ఒకరము తోడు పోదము; బస్సు ఖర్చులకు లేనియెడల ఇత్తము; ఆమె ఇంటి నీళ్లు మనము మోయుదము. రేపు ఏమగునో మనకు తెలియదు. ఈ దినము ఆమెకేమి చేయవలెనో మనకు తెలిసియే యున్నది.