కనబడని పనికి సాక్షి ఎవరు?

మానవుడు చేయు పనులు రెండు విధములు. పదిమంది కంటబడునవి కొన్ని, ఎవరి కంటను పడనివి కొన్ని. గోడకు వేసిన సున్నము కనబడును, పునాదిలోని రాయి కనబడదు. కనబడు పనిని శ్రద్ధతో చేయుటకు లోకభయమే చాలును. కనబడని పనిని అంత శ్రద్ధతో ఏల చేయవలెను? యజమాని అడుగలేదు, చూచువాడు లేడు, దానికి వేరుగ కూలియు లేదు. అట్టిచోట పనివానికి గల బాధ్యత ఎంత? ఈ ప్రశ్న పండితుల గోష్ఠులలోనే కాదు, పాత జీపునకు క్రొత్తగా కరెంటు తీగలు వేయు మెకానిక్కు షెడ్డులోను ఉదయించుచున్నది.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు 6 లక్షలకు పైగా జీపులను నిర్మించినవి. భారతదేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన పిదప మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చెను. ఆంధ్రప్రదేశ్‌లో 1959లో పంచాయతీరాజ్ ఆరంభమైన తరువాత సరియైన బాట లేని పల్లెలకు సైతము సమితి జీపు వెళ్లెడిది. ఆ తరమునకు చెందిన బండ్లు కొన్ని నేటికిని తోటలలోను, కొండదారులలోను తిరుగుచున్నవి. వాటి ఇనుము గట్టిది. ఇంజను అరిగినను బాగుచేసిన మరల నడచును. కాని కంటికి కనబడక, ఎవరికిని జ్ఞప్తికి రాక, లోలోపల జీర్ణించునది తీగ.

పాత తీగలకు రాగిపై రబ్బరు, దానిపై నూలు అల్లిక ఉండెడిది. ఏండ్లు గడచినకొలది ఇంజను వేడికి రబ్బరు ఎండి పెళుసై రాలును. నూనె తగిలి నూలు చివుకును. ఎలుకలు కొరుకును. తేమ చేరి రాగి కొనలు పచ్చబారును. తొలినాటి విల్లీస్ జీపులలో 6 వోల్టుల బ్యాటరీ ఉండెడిది. తరువాతివాటికి 12 వోల్టులు వచ్చినవి. 36 వాట్ల దీపము 12 వోల్టులపై 3 ఆంపియర్ల కరెంటును తీసికొనగా, 6 వోల్టులపై అదే వెలుగునకు 6 ఆంపియర్లు కావలెను. కరెంటు రెట్టింపైనచో చెడిన అతుకువద్ద పుట్టు వేడి నాలుగు రెట్లగును. కావున పాత జీపులో వదులైన ఒక్క అతుకు చిన్న దోషము కాదు.

బ్యాటరీనుండి దీపమునకు పోవు తీగను అందరు ఎరుగుదురు. కరెంటు తిరిగివచ్చు దారిని తలచువారు తక్కువ. బండియొక్క ఇనుప దేహమే ఆ దారి. దానినే ఎర్తు అందురు. ఎర్తు బోల్టు క్రింద తుప్పు చేరినచో కరెంటు తన దారి మూసికొనిపోగా ప్రక్కదారి వెదకును. బ్రేకు నొక్కినప్పుడు ఆ ప్రక్కనున్న మలుపు దీపము మినుకుమినుకుమనును. తెలియనివాడు బల్బు మార్చును. తెలిసినవాడు బోల్టు విప్పి, ఇనుము మెరయువరకు గీకి, మరల బిగించును. తప్పు కనబడినచోటనే తప్పు పుట్టియుండదు. ఈ సంగతి బండికే కాదు, సంసారమునకును వర్తించును.

ఒక యజమాని అట్టి జీపును సాయంకాలమున షెడ్డునకు తెచ్చెననుకొన్నచో అతడు చెప్పు మాట ఇట్లుండును: “తెల్లారేసరికి పెళ్లికి వెళ్లాలి మేస్త్రీ, లైట్లు వెలిగితే చాలు.” మేస్త్రీ డాష్‌బోర్డు క్రింద దీపముపెట్టి చూచును. ఫ్యూజు ఉండవలసినచోట సిగరెట్టు పెట్టెలోని వెండికాగితము చుట్టియుండును. ఫ్యూజు మాటిమాటికి పోవుచుండగా విసిగిన వారెవరో చేసిన ఉపాయమది. ఆనాటినుండి దీపము ఆరలేదు. అందరును బండి బాగుపడినదనుకొనిరి.

ఫ్యూజు ఏర్పడినది దీపమును వెలిగించుటకు కాదు, తీగను కాపాడుటకు. తీగ భరింపగల కరెంటు మించినప్పుడు తాను ముందుగా కరగి దారిని తెంచును. అది పోయినదనగా లోపల ఎచ్చటనో తప్పున్నదని చెప్పినదన్నమాట. దానికి మారుగ వెండికాగితము చుట్టుట తప్పును దిద్దుట కాదు, తప్పును తెలుపు నోరు మూయుట. మనస్సాక్షియు ఇట్టిదే. అది అడ్డుచెప్పినప్పుడెల్ల “అందరు చేయుచున్నదే కదా” అను సమాధానమును చుట్టినచో పని ఆగదు, వెలుగు తగ్గదు. వేడిమాత్రము లోపల పెరుగుచునే యుండును. పొగ కనబడునాటికి తీగలకట్ట అంతయు కాలియుండును.

మేస్త్రీ ఇప్పుడేమి చేయవలెను? పైపైన అతుకువేసి, టేపు చుట్టి, సొమ్ము పుచ్చుకొని ఊరకుండవచ్చును. అడిగిన పని జరిగినది గనుక అతనిని నిందించువారుండరు. లేదా రాత్రియంతయు మేలుకొని తీగలన్నియు ఉచితముగ మార్చవలెనా? కూలికి బ్రతుకువానిని ఊరక శ్రమింపుమనుట ధర్మము కాదు. అతని ఇంటను పొయ్యి వెలుగవలెను గదా. ఈ రెండింటి నడుమ మూడవ దారి కలదు. శ్రమకు వెల ఉన్నది, నిజమునకు వెల లేదు. శ్రమను ఉచితముగ ఈయవలసిన పని లేదు. నిజమును దాచు హక్కుమాత్రము లేదు. “బాబుగారూ, ఇది ఈ రాత్రికి సరిపోతుంది. ఫ్యూజు సరైనది వేశాను. వచ్చే వారం బండి తెచ్చి తీగలు మార్పించండి, లేకపోతే కాలుతుంది” అని చెప్పుటతో అతని ఋణము తీరును. అటుపిమ్మట బాధ్యత యజమానిది. విన్నవాడు “నాకు తెలియదు” అని తప్పించుకొనలేడు.

ఘాటురోడ్డుపై నడిరేయి తీగ తెగినప్పుడు గుడ్డపేలిక చుట్టి ఇల్లు చేరుట ఆపద్ధర్మము. అందు దోషము లేదు. ఆపద తీరిన తరువాత ఆ పేలికనే ఏండ్లతరబడి ఉంచుట ఆపద్ధర్మమును నిత్యధర్మముగ మార్చుట. జీవితములోని పెక్కు కీడులు పాపబుద్ధితో ఆరంభమగునవి కావు. ఒక రాత్రికని వేసిన అతుకులు విప్పుటకు తీరిక లేకపోవుటవలన కలుగునవి.

యజమాని మాట విని బండిని మరల తెచ్చినప్పుడు మంచి మేస్త్రీ మొదట బ్యాటరీయొక్క ఎర్తు తీగను విప్పును. పాత తీగలకు ఒక్కొక్కదానికి చీటి కట్టి, పటము గీసికొని, అటుపిమ్మట తీయును. ఏ దీపమునకు ఏ రంగు తీగ ఉండెనో ఆ రంగునే వేయును. ఇనుపరేకులోని రంధ్రముగుండ తీగ పోవుచోట అంచు కోయకుండ రబ్బరు ఉంగరమును అమర్చును. కదలు భాగములవద్ద కొంత వదులుంచును. ఒక్కొక్క దీపమును వెలిగించి చూచి, చివరకు టేపు చుట్టును. చుట్టిన మరుక్షణము ఆ నేర్పంతయు మరుగుపడును. ఇరువది ఏండ్ల తరువాత ఆ టేపును విప్పబోవు పనివాడు నేడు బాలుడై యుండవచ్చును, పుట్టియే యుండకపోవచ్చును. ఆ రంగులు, ఆ పటము అతనికొరకు చేసిన ఉపకారము. ఆ బండి వెనుక సీటులో తల్లి ఒడిలో నిద్రించుచు చీకటిదారిలో పోవు బిడ్డకు మేస్త్రీ పేరైనను తెలియదు. ఆ బిడ్డ క్షేమమంతయు అతని చేతిలోనిదే.

కావున కనబడని పనికి సాక్షి లేడనుట పొరపాటు. మొదటి సాక్షి చేసినవాని మనస్సు. రెండవ సాక్షి ఆ పనిని నమ్మి, ప్రశ్నింపక, బండియెక్కువాడు. మనస్సున తోచినదే మాటగా చెప్పి, చెప్పినట్లే చేతితో చేయుటను పెద్దలు త్రికరణశుద్ధి అనిరి. అది ఉన్నచోట షెడ్డులోని నూనెమరకల నడుమ చేసిన పనియు పవిత్రమే. అది లేనిచోట వేయి దీపములు వెలిగినను, తీగ లోపల కాలుచునే యుండును.