జాతి పాపం, జాతి ఋణం

గోదావరి పుట్టుకకు పురాణం చెప్పే కారణం ఒక హత్య. పైరు మేస్తున్న ఆవును గౌతముడు దర్భతో అదిలించగా అది అక్కడికక్కడే ప్రాణం విడిచిందనీ, ఆ గోహత్యా పాతకం పోగొట్టుకోవడానికి ఆయన తపస్సు చేసి శివుని జటాజూటం నుంచి గంగను నేలకు దింపాడనీ, ఆ నదే ధవళేశ్వరం దిగువన సప్తర్షుల పేర్లతో పాయలుగా చీలి సముద్రంలో కలుస్తున్నదనీ కథ. పన్నెండేళ్లకొకసారి పుష్కరాలకు రాజమహేంద్రవరం, కొవ్వూరు, కోటిపల్లి రేవులకు వచ్చే జనానికి ఈ నది ప్రాయశ్చిత్త స్థానం. అయితే ఒక మనిషి చేసిన పాపానికి చెప్పిన ఈ మార్గం ఒక జాతి మొత్తం చేసిన, చూస్తూ ఊరుకున్న ఘోరానికి వర్తిస్తుందా అన్న ప్రశ్నను తీర్థ మాహాత్మ్యాలు పట్టించుకోలేదు.

ప్రాయశ్చిత్తమంటే కేవలం స్నానమో దానమో కాదు. మనుస్మృతి పదకొండవ అధ్యాయం పాపవిముక్తికి చెప్పిన సాధనాలలో మొదటిది ఖ్యాపనం, అంటే చేసిన తప్పును తన నోటితో పదిమందిలో చెప్పుకోవడం. పశ్చాత్తాపం, తపస్సు, వేదాధ్యయనం ఆ తరువాత వస్తాయి. దానం ఇవేవీ చేయలేనివారికి చెప్పిన మాట. ఇంత సూక్ష్మంగా ఆలోచించిన ఆ అధ్యాయమే, బ్రాహ్మణుని చంపినవాడు చేయవలసిన ప్రాయశ్చిత్తంలో పదహారో వంతు చేస్తే శూద్రుని చంపిన పాపం తీరుతుందని లెక్క కట్టింది. నాలుగు వర్ణాల వెలుపల ఉంచిన మనిషికి ఆ వరుసలో చోటే లేదు. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో అంబేద్కర్ ఆధ్వర్యంలో ఆ గ్రంథాన్ని తగలబెట్టడానికి ఈ ఒక్క లెక్క చాలినంత కారణం. మచ్చను కడుగుతుందనుకున్న శాస్త్రానికే మచ్చ ఉన్నప్పుడు, అందులో మిగిలిన సత్యాన్ని ఏరుకోవలసిన బాధ్యత ఆ శాస్త్రాన్ని వారసత్వంగా పొందినవారిదే.

తెలుగు నేల మీద ఈ ప్రశ్న పుస్తకాలకు పరిమితం కాలేదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి, కొందరి శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. గోదావరి జిల్లాల వారు ఇవి తమ సీమ కథలు కావని తప్పుకోవడానికి వీలు లేదు. 2016 ఆగస్టులో అమలాపురంలో, కరెంటు షాక్‌తో చనిపోయిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు దళిత సోదరులను గోహంతకులని నిందించి, చెట్టుకు కట్టి కొట్టారు. గోహత్యా దోషం నుంచి పుట్టిందని చెప్పుకునే నది పక్కన, చచ్చిన గొడ్డును తీసే పనిని తరతరాలుగా ఎవరికి అంటగట్టారో వారినే ఆ దోషానికి బాధ్యులను చేశారు. మరుసటి ఏడు భీమవరం సమీపంలోని గరగపర్రులో, అంబేద్కర్ విగ్రహం పెట్టుకోవాలన్నందుకు దళితులను ఊరు వెలివేసింది. వారిని కూలికి పిలవడం మానేసింది. 2022 మే 24న, కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ సాగిన ఆందోళనలో అమలాపురంలో మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ తగలబడ్డాయి.

ఇక్కడ కర్మ సిద్ధాంతం ఒక బలమైన అభ్యంతరం లేవదీస్తుంది. ఎవరి కర్మ వారిదే, తండ్రి చేసిన పాపం కొడుకుకు అంటదు, అలాంటప్పుడు పుట్టకముందు జరిగిన దానికి నేటి తరం తలవంచుకోవడం ఎందుకని అడుగుతారు. పాపం విషయంలో ఈ మాట నిజం. కానీ ఋణం సంగతి వేరు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర, కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగులోకి తెచ్చిన ధర్మశాస్త్రం, ఆస్తి పుచ్చుకున్నవాడే అప్పు తీర్చాలంటుంది. తండ్రి జూదానికీ తాగుడుకూ చేసిన బాకీలు కొడుకు తీర్చనక్కరలేదన్న మినహాయింపూ అందులోనే ఉంది గనుక, దుష్కృత్యం వల్ల ఏర్పడిన బాధ్యత అసలు వారసత్వంగా రాదని ఎవరైనా వాదించవచ్చు. అయితే ఆ మినహాయింపు ఇంటికి ఏమీ మిగల్చని బాకీలకు తగును. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువ కింద పండిన మాగాణి ఎవరి పేరున పట్టా అయింది, దానిలో నాట్లు వేసి కుప్ప నూర్చిన పాలేరు ఏ పేటలో ఉండిపోయాడు అని చూస్తే, ఫలం ఇంకా ఇంట్లోనే ఉందని తెలుస్తుంది. పొలాన్ని అనుభవిస్తూ, దానిమీద ఉన్న బాకీ తాతతోనే పోయిందనడం ఏ ధర్మమూ ఒప్పదు.

జర్మన్ తత్త్వవేత్త కార్ల్ యాస్పర్స్ 1946లో తన దేశస్థుల అపరాధాన్ని విచారించినప్పుడు ఇటువంటి విభజనే చేశాడు: నేరం చేసినవాడిదే, కాని ఆ నేరం ఏ రాజ్యం పేరున జరిగిందో ఆ రాజ్య పౌరులందరికీ రాజకీయ బాధ్యత ఉంటుంది. 1970 డిసెంబరు 7న వార్సాలో యూదుల స్మారకం ముందు మోకరిల్లిన ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ నాజీలను ఎదిరించి ప్రవాసం పోయినవాడు; వ్యక్తిగా ఆయనకు ఏ పాపమూ లేదు, దేశం తరఫున ఋణం ఉంది. జర్మనీ చరిత్రలోని ఆ మచ్చ చెరిగిపోలేదు, చెరగనవసరమూ లేదు; దాన్ని తనంత తాను చెప్పుకున్న దేశంతో మాత్రం, ఒకప్పుడు దాని వల్ల బాధపడినవారు మాట్లాడగలిగారు.

ఈ కొలతను ఇతరుల మీద పెట్టడం తేలిక. ఆనకట్ట కట్టిన కాటన్ దొరను డెల్టా రైతు దేవుడిలా కొలుస్తాడు. అదే పాలకులు 1924 మే 7న అల్లూరి సీతారామరాజును విచారణ లేకుండా కాల్చి చంపిన సంగతీ మరువడు. ఒకరి మేలు మరొకరి హత్యను మాపదని ఇక్కడి జనానికి ఎవరూ నేర్పనక్కరలేదు. జలియన్‌వాలాబాగ్‌కు నూరేళ్లు నిండిన 2019లో బ్రిటన్ ప్రధాని విచారం వెలిబుచ్చి, క్షమాపణ చెప్పకుండా ఆగినప్పుడు అది చాలదని భారతీయులు అన్నారు, న్యాయంగానే అన్నారు. కారంచేడు గురించి, గరగపర్రు గురించి ఆ మాత్రపు విచారమైనా ఆయా ఊళ్ల పెద్దలు నోరు తెరిచి చెప్పాలని వారెందుకు అడగలేదన్నది ఈ చర్చ మొత్తంలో జవాబు దొరకవలసిన ప్రశ్న. పాతవి తవ్వడమెందుకు, అందరం కలిసే ఉంటున్నాంగా అన్న మాట ఎప్పుడూ బాకీ పడిన వైపు నుంచే వినబడుతుంది. బాకీ తీరిందని చెప్పే అధికారం అవతలివారిది.

చుండూరు బాధితులు విచారణ తమ ఊళ్లోనే జరగాలని పట్టుబట్టి ప్రత్యేక న్యాయస్థానాన్ని సాధించుకున్నారు. శిక్ష ఒక్కటే వారి కోరిక అయితే ఏ పట్టణంలోని కోర్టయినా సరిపోయేది; జరిగింది జరిగిందని ఊరి ముందే తేలాలన్నది వారి పట్టుదల. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, మరో 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు సాక్ష్యం చాలదని అందరినీ విడిచిపెట్టింది. సాక్షులు చెప్పగలిగినదంతా చెప్పారు. మిగిలింది చేసినవారూ, చూసినవారూ చెప్పవలసిన మాట, దానికి ఏ కోర్టు సమనూ అక్కరలేదు.