ఏకకాలము - సత్యనిష్ఠ

దూరదేశమున తల్లి కన్నీరు పెట్టిన క్షణముననే ఇచ్చట బిడ్డ మనస్సు కలతచెందినదని మన యిండ్లలో చెప్పుకొనుట కలదు. ఇట్టి మాటలకు ఇప్పుడు కొందరు క్వాంటమ్ శాస్త్రమును సాక్షిగా పిలుచుచున్నారు. ఆ సాక్షి నిజముగా ఏమి పలికినది? "ఒకే క్షణము" అని చెప్పు అర్హత మనకెప్పుడు కలుగును? ఇది శాస్త్రవిషయమే కాదు, సత్యనిష్ఠకు సంబంధించిన విషయము.

ఒకే మూలమునుండి జంటగా వెలువడిన కాంతికణములను వేర్వేరు దిక్కులకు పంపి కొలిచినచో, వాని ఫలితములు ఆశ్చర్యకరముగా పొందిక కలిగియుండును. ఒకదాని వార్త రెండవదానికి చేరు వ్యవధి లేదని నిరూపించుటయే కష్టము. సెకనులో శతకోటి వంతున కాంతి సుమారు 30 సెంటీమీటర్లు పోవును. 1982లో ఫ్రాన్సు దేశమున అలాన్ ఆస్పే బృందము, కణములు మార్గమధ్యమున నుండగనే కొలత దిశ మారునట్లు ఏర్పాటు గావించెను. 1998లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఆంటన్ జైలింగర్ బృందము పరిశీలనాస్థానములను 400 మీటర్ల యెడమున నుంచెను. ప్రతి స్థానమునను ఒక పరమాణు గడియారము; కణము వచ్చిన వేళ అచ్చటనే నమోదగును. ఆ రెండు చిట్టాలను తరువాత ప్రక్కప్రక్కన నుంచి పోల్చిరి.

ఏ కణమునకు ఏది జంటయో తేల్చుటకు ఒక కాలపరిమితి కావలెను. అది విశాలమైనచో సంబంధము లేనివి జంటలుగా లెక్కకు వచ్చును. ఇరుకైనచో నిజమైన జంటలు జారిపోవును. కణము వచ్చు వేళయే కొలత దిశనుబట్టి మారినచో, ఆ పరిమితిలో పడిన జంటలు లేని చుట్టరికమును ఉన్నట్లు చూపగలవని 2004లో లార్షన్, గిల్ అను పండితులు నిరూపించిరి. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ బృందము 1.3 కిలోమీటర్ల దూరమున ప్రయోగము చేసినప్పుడు, ఏ ప్రయత్నములు లెక్కకు వచ్చునో ఫలితములతో నిమిత్తము లేకుండ నిర్ణయమగునట్లు చేసి, అట్టి 245 ప్రయత్నములను ఒక్కటియు విడువక లెక్కించెను. అప్పుడును పొందిక నిలిచినది.

మనమట్లు చేయుచున్నామా? మ్రొక్కు ఫలించిన దినమును పదిమందికి చెప్పుదుము. ఫలింపని దినములను మరతుము. కల నిజమైనచో నెలలనాటి సంఘటనకైనను దానిని ముడివేయుదుము. మన కాలపరిమితి మన కోరిక ననుసరించి సాగుచుండును. ఇది అబద్ధమాడుట కాకపోవచ్చును, కాని సత్యమును మన యిష్టానుసారము ఏరుకొనుటయే.

మరియొక సంగతి. ఆ ప్రయోగములలో ఒక చిట్టాను మాత్రమే చూచినచో క్రమమేదియు కానరాదు. రెండును ఒకచోటికి చేరినప్పుడే సంబంధము తెలియును. దానిచేత వార్త పంపుట సాధ్యము కాదు. కావున తల్లి దుఃఖము బిడ్డకు తెలియుటకు అది సాక్ష్యము కానేరదు.

సముద్రము దాటి తోటల పనికి వచ్చిన మన పెద్దలు ఈ సంగతిని మరియొక విధముగా నెరుగుదురు. స్వగ్రామమున తండ్రి గతించిన వార్త నెలలు గడచి ఉత్తరముగా వచ్చెడిది. ఆ వార్త చెవిని బడిన దినముననే స్నానము చేసి మైల పాటించిరి. ఆ క్షణముననే తమకు తెలిసినదని వారు చెప్పుకొనలేదు. అందుచేత వారి ప్రేమకు లోటేమియు రాలేదు. తెలిసినది తెలిసిన వేళనే తెలిసినదని చెప్పుట భక్తికి విరుద్ధము కాదు. భక్తికి అదియే పునాది.