దొంగనాణెము ఎవరి చేతిలో ఆగవలెను?

నాణెములు సేకరించువారికి రెండు చింతలు కలవు. కొన్న నాణెము నకిలీది కాదు గదా అనునది మొదటిది. నకిలీదని తేలిన పిదప దానిని ఏమి చేయవలెనన్నది రెండవది. మొదటి చింత లోహమునకు సంబంధించినది. త్రాసును, భూతద్దమును దానిని తీర్చగలవు. రెండవది మనస్సునకు సంబంధించినది. ఈ వ్యాసమునకు ముఖ్యముగా అదియే విషయము.

మన చాంపియన్ రీఫ్సులో పెరిగినవారికి పరీక్ష అన్నమాట కొత్త కాదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వారు పని మొదలుపెట్టినది మొదలు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడువరకు ఈ నేలనుండి ఎనిమిదివందల టన్నులకు పైగా బంగారము తీసిరి. పైకి వచ్చిన రాయి అంతయు బంగారము కాదు. ఏ రాయిలో ఎంత కలదో పరీక్షింపక ఎవరును నమ్మలేదు. మెరుపును చూచి మోసపోరాదని గనిలో దిగని పసివానికి కూడ ఇచ్చట తెలియును. ఐనను నేను మోసపోతిని.

నేను కొన్నది ఆరవ జార్జి చక్రవర్తి పేరిట 1939లో వెలువడినదని చెప్పబడిన రూపాయి. పూర్వపు రూపాయి తూకము 11.66 గ్రాములు, అనగా ఒక తులము. పన్నెండు పాళ్ళలో పదునొకండు పాళ్ళు వెండి. 1940లో ప్రభుత్వము వెండిని సగమునకు తగ్గించి, దొంగనాణెములను అరికట్టుటకై అంచున ప్రత్యేకమైన గాడిని ఏర్పరచినది. కావున 1939 నాటిది పాత వెండి రూపాయలలో కడపటిది. మిక్కిలి అరుదు, వెలయు మెండు. 1938 నాటిది అంత అరుదు కాదు.

ఆ రూపాయిని తూచితిని, తులము సరిపోయినది. మ్రోగించితిని, వెండి మ్రోతయే. కొన్ని మాసముల పిదప భూతద్దముతో చూడగా, కడపటి తొమ్మిది ఒకప్పుడు ఎనిమిదిగా ఉండెడిదని తెలిసినది. ఎవరో సన్నని ఉలితో దానిని దిద్దిరి. వెండి నిజము, రాజు బొమ్మ నిజము, టంకసాల నిజము; ఒక్క అంకె అబద్ధము. ఉద్యోగకాలమంతయు లెక్కల పుస్తకములు వ్రాసిన గుమాస్తాను నేను. కాగితమును సిరాయు అసలైనవే ఐ, ఒక్క అంకె మాత్రము దిద్దబడినచో ఆ పద్దును ఏమందురో నాకు వేరొకరు చెప్పనక్కరలేదు.

ఇంతకును నకిలీతనము ఎచ్చట ఉన్నది? పోలికలో లేదు. మన జిల్లాలోని బూదికోటలో పుట్టిన హైదరాలీ 1763లో బిదనూరును జయించిన పిదప, తన వరహాలపై శివపార్వతుల బొమ్మనే ఉంచెను. అది ఇక్కేరి నాయకుల వరహాలలోని బొమ్మ. కాని రెండవవైపున తన పేరులోని మొదటి అక్షరమును వేయించెను. బొమ్మ పరులది, బాధ్యత తనది; కనుక దానిని దొంగనాణెమనరాదు. మన ఇండ్లలోని కాసులపేరులో లక్ష్మీదేవి కాసులును అట్టివే. అవి ఏ రాజు పేరును చెప్పుకొనవు, నగలుగనే నిలుచును. మరి ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1818 సంవత్సరముతో, శ్రీరామ పట్టాభిషేకము ముద్రించిన బిళ్ళల మాట ఏమి? అట్టి నాణెములను కంపెనీ ఎన్నడును ముద్రింపలేదు. ఆ బిళ్ళను పూజలో ఉంచుకొన్నవాని భక్తి అబద్ధము కాదు. అది బియ్యపు గింజలను ఆకర్షించునని చెప్పి లక్షలకు అమ్మజూచువాని మాట అబద్ధము. నకిలీతనము లోహమునందు కాక, చేయి మారునపుడు పలుకు మాటయందు ఉన్నదని నా అభిప్రాయము.

ఐనచో ప్రతి నాణెమును అనుమానింపవలెనా? అనుమానమునకును ఒక ధర్మము కలదు. పదిరూపాయల నాణెములు దొంగవని పుకారు పుట్టి అంగళ్ళవారు నిరాకరింపగా, వాడుకలోనున్న పదునాలుగు విధముల నాణెములును చెల్లునని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటింపవలసివచ్చినది. నిజమును అబద్ధమనుటయు అన్యాయమే. తూచక, చూడక త్రోసిపుచ్చుట పరీక్ష కాదు.

నా రూపాయి సంగతి తెలియని మిత్రులొకరు ఇంటికి వచ్చి, నేనిచ్చిన వెలకు మించి ఇత్తుననిరి. ఆ వెల నాకు చిన్నది కాదు. నెలల తరబడి కూడబెట్టినది. "నాకేమియు తెలియదు, మీరే పరీక్షించుకొనుడు" అని ఊరకున్నచో చాలును గదా అని మనస్సు బోధించినది. కాని తెలిసియు తెలియదనుట, ఆ అంకె దిద్దినవాని ఉలిని నేను అందుకొనుటయే. నాకు అమ్మినవానికి కూడ ఎవరో అట్లే అమ్మియుండవచ్చును. ప్రతివాడును తన నష్టమును తరువాతివానికి అప్పగించుచు పోయినచో దొంగనాణెమునకు చావు లేదు.

భూతద్దమును ఆయన చేతికిచ్చి అంకెను చూపితిని. ఆయన చాలసేపు చూచి, "నేను ఇంతకుముందు కొన్నవానిని కూడ ఒకసారి చూచిపెట్టుదురా?" అనిరి.

ఇక మిగిలినది ఆ నాణెము. చీటి వ్రాసి పెట్టెలో ఉంచవచ్చును. కాని నా తరువాత చీటి ఒకచోటికి, నాణెము ఒకచోటికి చేరవచ్చును. కరగించుటకు మనసొప్పలేదు, 1938 నాటి రూపాయిగా అది చేసిన తప్పు ఏమియు లేదు. తుదకు కంసాలిచే పైభాగమున రంధ్రము వేయించి, నల్లత్రాటికి కట్టి మనుమరాలి మెడలో వేసితిని. ఇప్పుడది అరుదైన రూపాయి కాదు; తులమునకు కొంచెము తక్కువైన బిళ్ళ. అంతకంటె ఎక్కువ అని అది ఎవరికిని చెప్పదు.

సేకరించువానికి ఎప్పుడో ఒకప్పుడు నష్టము తప్పదు. ఆ నష్టము తన చేతిలోనే ఆగవలెనని ఎంచినవాని పెట్టెలో నాణెములు కొద్దిగా ఉన్నను, వానిని గూర్చి అతడు చెప్పు మాటను నమ్మవచ్చును.