మొగ్గ విలువ పువ్వుతోనేనా?

యూరప్‌లో జాతీయ యువ జట్ల బాస్కెట్‌బాల్ పోటీలు 16, 18, 20 ఏళ్ల లోపు విభాగాలుగా జరుగుతాయి. వీటిలో దక్కే గెలుపుకు సొంత విలువ ఉందా, లేక ఆటగాడి తర్వాతి జీవితమే దానికి విలువ కడుతుందా అన్నది తాత్త్విక ప్రశ్న.

2006లో స్పెయిన్‌లోని లినారెస్‌లో జరిగిన 16 ఏళ్ల లోపు యూరోపియన్ ఫైనల్లో స్పెయిన్ ఆటగాడు రికీ రూబియో రష్యాపై 51 పాయింట్లు సాధించాడు. 2019 ప్రపంచకప్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. 2024 జనవరిలో, మానసిక ఆరోగ్యం దృష్ట్యా ఉత్తర అమెరికా వృత్తిపర లీగ్ ఎన్‌బీఏకు వీడ్కోలు పలికాడు. మరోవైపు, సెర్బియాకు చెందిన నికోలా యోకిచ్‌ను ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2014 డ్రాఫ్టులో 41వ ఆటగాడిగా ఎంచుకున్నారు. అయినా అతడు 2021, 2022, 2024లలో ఎన్‌బీఏ అత్యంత విలువైన ఆటగాడయ్యాడు.

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ శక్యతను, దాని సిద్ధరూపాన్ని వేరుచేశాడు. విత్తనంలో చెట్టయ్యే శక్యత ఉంటుంది. నేల, నీరు, కాలం కలిసిరాకపోతే అది చెట్టు కాదు. యువ ఆటగాడి విషయంలో శరీర ఎదుగుదల, గాయాలు, శిక్షణ, అవకాశం అలాంటివే. కాబట్టి పదహారేళ్ల ప్రతిభ భవిష్యత్తుకు హామీ కాదు.

అయితే అరిస్టాటిల్‌దే మరో విభజన ఉంది. ఇల్లు కట్టడం ఇల్లు పూర్తయ్యాకే సార్థకం. చూడటం మాత్రం చూస్తున్న ప్రతి క్షణంలోనూ పూర్ణమే. శిక్షణగా చూస్తే యువ క్రీడ మొదటి కోవలోకి వస్తుంది. ఆటగా చూస్తే రెండో కోవలోకి వస్తుంది. ఆ రెండో అర్థంలో, తర్వాత పేరు వినిపించని ఆటగాడి గెలుపు కూడా అసంపూర్ణం కాదు.